సున్నం పూయని లొట్టి

కార్లలో జనాన్ని తిప్పి ఊళ్ళు చూపించే పనికి ఇప్పుడు కాలేజీల్లో చదువు పెట్టారు. పోయిన నెల అలాంటి కాలేజీ ఒకటి నన్ను పిలిచి, పాతకాలం మనిషిగా నాలుగు మాటలు చెప్పమంది. జలపాతాల గురించీ, హాండిల్ తిప్పితే గాని స్టార్టు కాని కార్ల గురించీ చెప్పాను. పిల్లలు నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఈ పనిలోకి వచ్చేవాళ్ళు తెలుసుకోవలసింది ఒక్క ముక్కయినా చెప్పలేదనిపించింది. అది ఇక్కడ రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ కుర్చీలో కూర్చున్నానో ఎవరికీ పనికిరాదు కనుక అవి రాయను.

పని ఏమిటంటే

నా పేరు రత్నం. నరసరావుపేటలో వీరరాఘవయ్య గారని ఒక బస్సుల యజమాని ఉండేవారు. కృష్ణ మీద డ్యామ్ కడుతున్న రోజులవి. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేవారు. వాళ్ళ కోసం ఆయన రెండు కార్లు కొన్నారు. మిషన్ స్కూల్లో చదివి నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడతానని నన్ను ఆఫీసులో పెట్టుకున్నారు.

వచ్చినవాళ్ళు ఏం చూడాలనుకుంటున్నారో అడగడం, ఎన్నింటికి బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ తినాలో, చీకటి పడేలోగా ఏ బంగళాకు చేరాలో కాగితం మీద రాసి డ్రైవరు మస్తాన్ చేతికివ్వడం నా పని. ఆ కాగితాన్ని ప్రోగ్రాం అనేవాళ్ళం. మస్తాన్ నాకంటే పదేళ్ళు పెద్ద. చదువు రాదు. నేను చదివి వినిపిస్తే ఒక్కసారికే గుర్తుపెట్టుకునేవాడు.

మొదటి ఏడాది ప్రోగ్రాములు మ్యాపు చూసి రాసేవాణ్ణి. అప్పటికి నేను మాచర్ల రైల్లో వెళ్ళడమే గాని, పల్నాటి రోడ్ల మీద తిరిగింది తక్కువ. మద్రాసు నుంచి ఒక డాక్టరు గారి కుటుంబం వచ్చింది. గురజాల నుంచి కారంపూడికి చుట్టు తిరిగి వెళ్ళడం ఎందుకని, మ్యాపులో సన్నగా కనిపించిన డొంకదారి రాసిచ్చాను. దూరం సగానికి సగం తగ్గింది, నాకు గర్వంగా అనిపించింది. ఆ మధ్యాహ్నం ఒక్క వాన పడింది. నల్లరేగడిలో కారు ఇరుసుదాకా దిగిపోయింది. డాక్టరు గారి తల్లి డెబ్బై ఏళ్ళ మనిషి, నాలుగు గంటలు కారులోనే కూర్చుంది. చివరికి పక్క చేలో రైతులు రెండు జతల ఎడ్లు కట్టి లాగారు.

వీరరాఘవయ్య గారు నన్ను తిట్టలేదు. మర్నాడు తన సైకిలు నాకిచ్చి రైలెక్కించారు.

"ఆ దారెంట సైకిలు తొక్కుకుంటా పోయి రా. నువ్వు పోని దారిన ఇంకోళ్ళని పంపబాకయ్యా," అన్నారు.

సైకిలు తొక్కింది తక్కువ, మోసింది ఎక్కువ. ఆ రోజు నుంచి నేను స్వయంగా వెళ్ళి చూడని దారి ఏ ప్రోగ్రాంలోనూ రాయలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న మంచి ఇది. ఆయన గురించి ఇంకొకటి కూడా చెప్పాలి, అది తర్వాత వస్తుంది.

దొరసాని అడిగినది

డ్యామ్ పని చూడ్డానికి ఒక ఫ్రెంచి ఇంజనీరు భార్యతో కలిసి వచ్చాడు. ఆయనకు రెండు రోజులు తీరిక దొరికింది. డ్యామ్ ఎటూ చూస్తున్నాడు కనుక, మా ప్రాంతం ఏదైనా చూపించమన్నాడు. ఎక్కడికి వెళ్ళాలన్నది ఆయన భార్య నిర్ణయించింది. ఆమె పుట్టిల్లు ద్రాక్షతోటల సీమలో ఉందట. తండ్రికి తోటలున్నాయట. అక్కడ కోతల కాలంలో జనం కార్లు వేసుకుని తోట తోటకూ ఆగుతూ, ఒక్కోచోట ఒక్కో గుటక వైన్ రుచి చూస్తూ, కొండల మధ్య నెమ్మదిగా తిరుగుతారట. రోజంతా తిరిగినా ఇరవై మైళ్ళు దాటరట.

"రైల్లోంచి తాటిచెట్లు చూశాను. వాటి నుంచి కల్లు తీస్తారని విన్నాను. మా ఊళ్ళో తిప్పినట్టు మీ చెట్ల మధ్య మమ్మల్ని తిప్పండి," అంది.

మా జిల్లాలో అప్పుడు మద్యనిషేధం. కల్లు గీయడం నేరం, తాగడం నేరం. తీపిరసం తీసి బెల్లం వండుకోవడానికి మాత్రం కొందరికి లైసెన్సులు ఇచ్చారు. చెట్టుకు కట్టే చిన్న కుండను లొట్టి అంటారు. దాని లోపల సున్నం పూస్తే రసం పులియదు, తియ్యగానే ఉంటుంది. సున్నం పూయకపోతే తెల్లారేసరికి అది కల్లు. గీసేవాడు దొంగో దొరో తేల్చేది ఆ సున్నమే.

కృష్ణ దాటితే నల్గొండ జిల్లా. అక్కడ నిషేధం లేదు. ఈ పక్కవాళ్ళు రేవులో గుండ్రటి తెప్పలాంటి పుట్టి ఎక్కి ఆవలికి వెళ్ళి తాగి వస్తారని అందరికీ తెలుసు. దొరసానిని అలా తీసుకెళ్ళి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కాని కారు ఇవతల వదిలి, పుట్టి ఎక్కి, ఆవల ఎండలో నడవాలి. పూట అంతా దానికే సరిపోతుంది. ప్రోగ్రాం అందంగా రావడం లేదని ఆ ఆలోచన పక్కన పెట్టాను. నా తప్పు అక్కడ మొదలైంది.

గోపయ్య

మాఘమాసం చివర్లో మస్తాన్‌తో కలిసి దారి చూడ్డానికి బయల్దేరాను. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కారంపూడి దాటాక వాగు వెంట తాటిచెట్లు బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన దడులు, ఆ వెనక కొండలు. దొరసాని ఎక్కడ కూర్చుంటే కొండలు బాగా కనిపిస్తాయో కూడా చూసుకున్నాను.

అక్కడ లైసెన్సు ఉన్న గీత కార్మికుడు గోపయ్య. నలభై ఏళ్ళుంటాయి. మనిషి సన్నం, అరచేతులు మాత్రం చెప్పు అట్టల్లా ఉండేవి. చెట్టు కింద అతని భార్య సుబ్బులు బానలో రసం కాస్తూ ఉంది. నాకు తీపిరసం పోసి ఇచ్చాడు. ఫ్రెంచివాళ్ళు వస్తారనీ, చెట్టెక్కి గీసి చూపించాలనీ, బెల్లం వండటం కూడా చూపించాలనీ చెప్పాను. నవ్వాడు.

"నేను చెట్టెక్కేది చూడ్డానికి అంత దూరం నుంచి వత్తన్నారా? ఎక్కుతాలే అబ్బాయా, రోజూ ఎక్కేదేగా."

అంతవరకు అయితే ఏమీ లేదు. నేను ఇంకో మాట అడిగాను.

"మావా, ఆ రోజు ఒక్క లొట్టికి సున్నం పూయకుండా ఉంచగలవా? ఆమెకు ఒక్క గుటక రుచి చూపిద్దాం."

నవ్వు ఆగిపోయింది. సుబ్బులు గరిటె తిప్పడం ఆపి మా వైపు చూసింది.

"ఇన్‌స్పెట్రు చానా గట్టోడు అబ్బాయా. లొట్టి లోపల ఏలు పెట్టి సూత్తాడు," అన్నాడు గోపయ్య.

"ఒక్కటే కదా. మేం వచ్చి తాగేసి పోతాం. ఇంకేం మిగలదు. డ్యామ్ ఆఫీసర్ల తాలూకు దొరలు. నీకు మాట రానిస్తామా?"

ఆ చివరి మాట అనడానికి నాకే అధికారమూ లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు దిగి, ఇంగ్లీషు మాట్లాడే మనిషి అన్నాడు కాబట్టి దానికి బరువు వచ్చింది. గోపయ్య భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అది నేనూ చూశాను. చూసి, చూడనట్టు వాగు వైపు తిరిగాను.

"సరేలే. నువ్వింత పెద్ద మాటన్నాక," అన్నాడు.

తిరిగి వస్తుంటే, రొంపిచర్ల దాటాక మస్తాన్, "ఆ ముక్క అడక్కుండా ఉండాల్సింది, రత్నం," అన్నాడు. ఏం కాదులే అన్నాను.

ఆ ఉదయం

నా వృత్తిలో అంత చక్కగా జరిగిన ప్రోగ్రాం ఇంకొకటి లేదు. వేళకు బయల్దేరాం, వేళకు చేరాం. గోపయ్య నడుముకు మోకుతాడు వేసుకుని చెట్టెక్కుతుంటే దొరసాని ఊపిరి బిగబట్టి చూసింది. దిగాక అతని కత్తి అడిగి తీసుకుని, అంచు మీద వేలు పెట్టి చూసి, తమ ఊళ్ళో తీగలు కత్తిరించే కత్తి కూడా ఇలాగే వంపు తిరిగి ఉంటుందని చెప్పింది. నేను తెలుగులో చెబితే గోపయ్య, "ఆయమ్మకి పనిముట్టు పట్టుకోటం తెలుసే," అన్నాడు.

తాటాకు దొన్నెలో కల్లు పోశాడు. ఆమె వాసన చూసి, నోట్లో కొంచెంసేపు ఉంచుకుని మింగింది. తర్వాత చెట్ల వైపు చూస్తూ దొన్నె ఖాళీ చేసింది. వాళ్ళాయన రెండు దొన్నెలు తాగాడు. లొట్టిలో ఇంకా సగం మిగిలింది. దాన్ని పారబోయించాలన్న ఆలోచన నాకు రాలేదు. తొమ్మిదిన్నరకు అక్కడి నుంచి కదలాలని కాగితంలో ఉంది. అందుకని కదిలాం. మాచర్లలో భోజనాలు, ఎత్తిపోతల జలపాతం, సాయంత్రానికి బంగళా. అన్నీ రాసినట్టే జరిగాయి.

మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టరు తోపులోకి వచ్చాడట. కారు చక్రాల గుర్తులు చూసి ఎవరొచ్చారని అడిగాడట. గోపయ్య చెప్పలేదు. లొట్లన్నీ వరసగా పెట్టించి చూస్తే ఒకదానికి సున్నం లేదు. మేం వదిలేసిన కల్లు పారబోసి కడిగినా వాసన పోలేదు. కేసు రాసి గురజాల తీసుకుపోయారు.

సుబ్బులు

ఈ సంగతి నాకు సుబ్బులు వచ్చి చెప్పింది. నాలుగో రోజున బస్సెక్కి, దారి అడుగుతూ మా ఆఫీసుకు వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలే నిలబడింది.

"అయ్యా, నా మొగుడు మీ పేరు చెప్పలా. చెప్పమని నేను మొత్తుకున్నా చెప్పలా. మాటిచ్చా అంటన్నాడు. ఆయన మాటిచ్చాడు సరే, మీరూ ఇచ్చారుగా?"

జామీనుకు మనిషి కావాలనీ, ఎల్లుండి కోర్టు ఉందనీ చెప్పింది. వస్తానన్నాను. ఆమె వెళ్ళాక వీరరాఘవయ్య గారి దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పాను.

ఆయన తలుపు దగ్గరగా వేయమన్నారు.

"రత్నం, మన కారులో కల్లు తాగటానికి తీసకపోయామని కోర్టులో పడితే బస్సుల పర్మిట్లు ఏమైతయ్యో తెలుసా? ఈ ఆఫీసు మీద నలభై కుటుంబాలు బతుకుతన్నయ్. ఆణ్ణి చూత్తే నాకూ జాలిగానే ఉంది. నువ్వు మాత్రం కదలబాక."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నలభై కుటుంబాల మాట నిజం. నాకు అప్పుడే పెళ్ళి కుదిరింది, ఆ మాట కూడా నిజమే. ఎల్లుండి వచ్చింది. నేను ఆఫీసులోనే కూర్చుని ఒక స్కూలు వాళ్ళ ప్రోగ్రాం రాశాను. జామీను ఇచ్చే మనిషి లేక గోపయ్యను సబ్‌జైలుకు పంపారు.

అతను లోపల ఉన్న రోజుల్లోనే దొరసాని ఉత్తరం వచ్చింది. హిందూదేశంలో తాను గడిపిన ఉదయాల్లో ఆ తోపులో గడిపినదే బాగుందని రాసింది. చెట్టెక్కిన మనిషికి తన నమస్కారం చెప్పమంది. వీరరాఘవయ్య గారు దాన్ని చదివించుకుని, ఫ్రేము కట్టించి ఆఫీసులో పెడదామన్నారు. అప్పుడు నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ ఉత్తరం మీద పేరు నాది. ప్రోగ్రాం రాసింది నేను, లొట్టి సంగతి అడిగింది నేను. నేను చేయించిందంతా గోడకు ఎక్కుతుంటే, చేసినవాడు గురజాలలో ఊచల వెనక ఉన్నాడు.

రెండో వాయిదా ముందు రోజు మళ్ళీ ఆయన గదిలోకి వెళ్ళాను.

"నేను వెళ్తానండి."

"కంపెనీ గుమాస్తాగా పోవటానికి వీల్లేదు," అన్నారు.

రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి వచ్చేశాను.

గురజాల కోర్టు

గోపయ్య అప్పటికి పదకొండు రోజులు లోపల ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. కళ్ళతోనే పలకరించినట్టు చూశాడు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

చెప్పడానికి లేచి నిలబడితే, నేను ఎవరని మేజిస్ట్రేటు అడిగారు. తెల్లజుట్టు, మెల్లగా మాట్లాడే మనిషి. జరిగినదంతా చెప్పాను. సున్నం పూయవద్దని అడిగింది నేనేననీ, అతను ఇష్టపడలేదనీ, మాట రానివ్వనని నేనే హామీ ఇచ్చాననీ చెప్పాను.

"నువ్వు తాగావా?"

"లేదండీ. నాకు అలవాటు లేదు."

"నీకు అలవాటు లేనిదాని కోసం ఇతని చేత నేరం చేయించావన్నమాట."

"అవునండీ."

ఇన్‌స్పెక్టరు ఏదో అనబోయాడు. మేజిస్ట్రేటు చెయ్యి ఎత్తి ఆపారు. నా మీద ఏం చర్య తీసుకోవాలో పోలీసులు చూసుకోవచ్చన్నారు. వాళ్ళేమీ తీసుకోలేదు. తీసుకుంటే ఫ్రెంచివాళ్ళ పేర్లు ఫైల్లోకి వస్తాయి, అది ఎవరికీ ఇష్టం లేదు. గోపయ్య నేరం ఒప్పుకున్నాడు. అప్పటికే లోపల ఉన్న రోజులు లెక్కలోకి తీసుకుని, కోర్టు లేచేదాకా హాల్లో నిలబడమని శిక్ష వేశారు.

గోపయ్య గోడ పక్కన నిలబడ్డాడు. అప్పటికి పదకొండున్నర అయింది. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి వెనక ఒక బల్ల ఉంది. సుబ్బులు దాని చివర కూర్చుంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. అతని పక్కన కొంచెం దూరంగా నిలబడ్డాను.

గోపయ్య గొంతు తగ్గించి, "కూకో అబ్బాయా. నిన్ను నిలబడమని ఎవరూ అనలా," అన్నాడు.

నేను కూర్చోలేదు. పొలం గట్ల తగాదాలు, గొర్రెల దొంగతనం, ఒక కొట్లాట కేసు నడిచాయి. అయిదింటికి మేజిస్ట్రేటు లేచారు. అందరం బయటికి వచ్చాం. గోపయ్య కాళ్ళు విదిలించుకుని, "చెట్టు మీదయితే ఇంతసేపు నిలబడినా నెప్పి తెలవదు," అన్నాడు.

శిక్ష తేలిగ్గా పోయింది. లైసెన్సు మాత్రం తిరిగి రాలేదు. అతను గీసే చెట్లను అతని తండ్రి గీశాడు, తాత గీశాడు. మరుసటి వారానికే వాటిని ఇంకొకరికి కేటాయించారు. నేను కోర్టుకు వెళ్ళి నిజం చెప్పడం వల్ల అతనికి ఇంకా ఎక్కువ జైలు తప్పిందేమో. కాని చెట్లు పోయాయి. నిజం చెప్పినందుకు అంతా సర్దుకుందని ఇక్కడ రాయలేను.

నెల తర్వాత వీరరాఘవయ్య గారు మస్తాన్‌ను పంపి నన్ను వెనక్కి పిలిపించారు. రాజీనామా కాగితం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఏడాదిపాటు బస్సు టికెట్ల దగ్గర కూర్చోబెట్టి, తర్వాత మళ్ళీ ప్రోగ్రాముల పని ఇచ్చారు. నన్ను సైకిలు మీద డొంకదారికి పంపిందీ, కోర్టుకు వెళ్ళొద్దన్నదీ ఒకే మనిషి. మీ పై అధికారుల్లోనూ ఇలాంటివాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకోండి. వాళ్ళు ఆగిన చోట మీరు కూడా ఆగాలా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఇంకొకటి. దారి చూడ్డానికి వెళ్ళినప్పుడు మనం రోడ్డు చూస్తాం, వాగు చూస్తాం, బంగళాలో మంచాలు చూస్తాం. కారు వెళ్ళిపోయాక ఆ చోట మిగిలేవాళ్ళకు మర్నాడు ఏమవుతుందో చూడం. నేను చూసింది తొమ్మిదిన్నర దాకానే.

ఆవలి ఒడ్డు

గోపయ్య, సుబ్బులు కృష్ణ దాటి వెళ్ళిపోయారని మస్తాన్ కనుక్కుని చెప్పాడు. నల్గొండ వైపు ఒక ఊళ్ళో చెట్లు గీతకు తీసుకున్నారట. రెండేళ్ళ తర్వాత, ఆవలి ఒడ్డు కూడా చూపించమని కలకత్తా నుంచి కొందరు లెక్చరర్లు అడిగారు. దారి చూడ్డానికి ముందుగా ఒక్కణ్ణే రేవులో పుట్టి ఎక్కాను. వెతుక్కుంటూ వెళ్తే తోపులోనే కనిపించాడు. చెట్టు మీద ఉన్నాడు. సుబ్బులు నన్ను చూసి పక్కనున్న పాకలోకి వెళ్ళి, మంచినీళ్ళ చెంబు తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆమె ఆ తర్వాత కూడా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాలని నేను ఆశించనూ లేదు.

గోపయ్య దిగి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. జుట్టు కొంచెం నెరిసింది.

"మళ్ళా ఎవుళ్ళన్నా వత్తన్నారా?"

"వస్తున్నారు మావా. నీకు ఇష్టమైతేనే. వద్దంటే ఇంకో దారి రాసుకుంటా."

"ఏం రాశావో సదువు."

జేబులోంచి చిత్తుకాగితం తీసి చదివాను. పొద్దున రేవు, పుట్టి, ఆవలి ఒడ్డున కాలినడక, తాటితోపు, గీత చూడటం, రుచి చూడటం. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అంతా విన్నాడు.

"తాటితోపు అని రాశావు. ఎవుళ్ళ తోపో రాయలా."

"పేరు రాస్తే నీకు ఇబ్బందేమోనని."

"ఈడ నేను గీసేది సర్కారుకి తెలిసే గీత్తన్నా. దాచుకునేదేం లేదు. రాయి. గోపయ్య తోపు అని రాయి. ఆ రోజులాగా తొమ్మిదిన్నరకల్లా పోటం కుదరదని కూడా రాయి. నా ఇంటికొచ్చినోళ్ళు అన్నం తిని పోవాల."

మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాను. రాసిందాన్ని మళ్ళీ ఒకసారి చదివించుకున్నాడు. తర్వాత మోకు భుజాన వేసుకుని పక్క చెట్టు దగ్గరికి వెళ్ళాడు.